గడప లేని గది

హస్త

ఇవాళ మా గోడ పోయింది. పీడా విరగడైంది. పొద్దున్నే మనుషులు వచ్చి, గదికీ బాల్కనీకీ మధ్య ఉన్న తలుపునీ, పక్కనున్న కిటికీనీ, కింద అడ్డంగా ఉన్న ఉక్కు గడపనీ ఊడబెరికి మోసుకుపోయారు. మధ్యాహ్నానికల్లా గది సముద్రం దాకా సాగింది. చివర నేల నుంచి కప్పు వరకూ ఒకే ఒక్క అద్దం. మీట నొక్కితే నేలలోని గాడిలోకి దిగిపోతుంది, మళ్ళీ నొక్కితే పైకి లేస్తుంది. అద్దం అవతల మూరెడు వెడల్పు అంచు, అంచు చివర కమ్మీ. ఆ అంచు అద్దాలు తుడిచేవాళ్ళ కోసం.

కొత్త నమూనా తీసుకున్న ప్రతి ఇల్లూ తన అభిప్రాయాలు ఎప్పటికప్పుడు చెబుతూ ఉండాలని నమూనాల సంఘం షరతు పెట్టింది. గదిలో మిగిలిన గోడకి చెబితే చాలు, అదే రాసుకుంటుంది. నా యాసని దిద్ది పుస్తకాల తెలుగులోకి కూడా మారుస్తుందట. మంచిదే. నా నోటిని దిద్దే ధైర్యం ఈ ఓడలో ఇంతవరకూ ఎవరికీ లేకపోయింది. సరే, రాసుకో. నా పేరు హైమవతి. కోరంగి ఓడ, తొమ్మిదో డెక్కు. ఈ క్యాబిన్‌లో నేను, మా ఆయన నరసింగరావు, ఆయన అక్కగారు మాణిక్యాంబ ఉంటాం. అద్దం చాలా బాగుంది.

మా వదినగారికి మాత్రం నచ్చలేదు. ఆవిడకి ఏది నచ్చింది గనక! ఆ ఉక్కు గడపకి శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది. ఇవాళ దాన్ని తీసుకుపోతుంటే శవం వెనక నడిచినట్టు నడవా చివరిదాకా నడిచింది.

"గడప లేకపోతే అది ఇల్లేంటే హైమా? ఎక్కడిదాకా లోపలో, ఎక్కణ్ణించి బయటో ఎలా తెలుస్తుందీ?" అంది తిరిగొచ్చి.

"అద్దం ఎత్తితే లోపల, దించితే బయట. అంతే వదినగారూ."

"మరి మనిషి పోయేటప్పుడో?"

గది పెద్దదైన రోజున, శుభమా అని కాఫీ తాగుతుంటే అనవలసిన మాటేనా అది! మా ఆయన గ్లాసు పట్టుకుని సముద్రం వైపు తిరిగారు. ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుతుంటే సముద్రం చూడటం ఆయనకి అలవాటు. ఇప్పుడు ఎదురుగా బోలెడంత సముద్రం ఉంది.

నేను మంచాన్ని అద్దం పక్కకి లాక్కుని పడుకున్నాను. సంఘం వారికి ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను అడుగు డెక్కులో పుట్టాను. ఓడలో పుట్టిన దాన్ని, పెళ్ళయ్యేదాకా సముద్రం చూడలేదు. మాకు ఇంజన్ల మోత ఉండేది, ఎప్పుడూ ఆర్పని దీపం ఉండేది, చెమ్మ పట్టిన గోడ ఉండేది. మా అమ్మ ఆ గోడ చూస్తూనే పోయింది. ఇవాళ నా పక్కమీద ఎండ పడింది. ఈ ఎండ కోసం నేను ఏమైనా చేస్తాను.

స్వాతి

భోజనశాలలో సమావేశం. కొత్త నమూనా మీద ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోమన్నారు. మావాళ్ళకి నోరిస్తే ఊరుకుంటారా?

ఏడో డెక్కు నుంచి వచ్చిన ఒకాయన మొదలుపెట్టాడు. "అద్దం దించితే ఏసీ ఆగిపోతోందండీ. నాకు గాలి కావాలి, మా ఆవిడకి చల్లదనం కావాలి. ఇదివరకు తలుపేసుకుని నేనటు, తనిటు ఉండేవాళ్ళం. ఇప్పుడు పొద్దస్తమానూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం." పక్కనే ఉన్న వాళ్ళావిడ, "కోపమొస్తే లేచెళ్ళి నిలబడ్డానికి చోటు లేదండీ, మాకదొక్కటి ఇప్పించండి," అంది. అందరూ నవ్వారు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని వెనక నుంచి ఎవడో గొణిగాడు.

మా పక్క క్యాబిన్ వరహాలమ్మ లేచింది. ఆవిడ పాత బాల్కనీని వదలనని భీష్మించుకు కూర్చున్న మనిషి. వాళ్ళ తాతలది భీమిలి దగ్గర ఏదో ఊరు. ఊరు నీళ్ళలో మునిగినా యాస మునగలేదు.

"నాచు వడియాలెక్కడ ఎండెట్టుకోవాలి? తడిబట్టలెక్కడ ఆరేసుకోవాలి? గది పెద్దదయ్యిందని మీరంటన్నారు. బాల్కనీ పోయిందని నానంటన్నాను," అంది.

నేను ఊరుకుంటానా! "వడియాల కోసం సముద్రాన్ని బయట పెట్టి తలుపేసుకుంటారా వరహాలమ్మగారూ? నా క్యాబిన్‌లో తలుపే లేదు. నాకూ సముద్రానికీ మధ్య అడ్డు లేదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ నాకేసి చూసిన చూపుకి నాచు వడియాలు నిప్పు లేకుండానే వేగేవి.

నమూనా గీసిన ఇంజనీరు ఝాన్సీ ఒక విషయం వివరించింది. పెనుగాలి వస్తే అన్ని అద్దాలూ వాటంతటవే లేచి బిగుసుకుంటాయి. అప్పుడు మీట పనిచేయదు. తప్పనిసరైతే ఆ క్యాబిన్ వాళ్ళు కెప్టెన్ గదికి చెప్పి దింపించుకోవచ్చు. పక్కింటివాళ్ళు చెబితే దించరు. పక్కింటివాళ్ళ సంగతి ఝాన్సీకి బాగానే తెలుసనుకుంటాను.

శ్రవణం

వదినగారు మంచం పట్టింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఈ వారం గడవడం కష్టమని డాక్టరు అన్నాడు. రేపు ధనిష్ఠ.

ధనిష్ఠా పంచకం గురించి సంఘం వారికి చెప్పక్కర్లేదు. కానీ గోడకి తెలియకపోవచ్చు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు వదిలేయాలి. నేలమీద బతికిన రోజుల్లో ఇల్లు కొన్నాళ్ళు పాడుబెట్టి, ఇంకోచోట తలదాచుకుని, మళ్ళీ తిరిగొచ్చేవాళ్ళట. ఓడలో ఇంకోచోటు అంటే అడుగు డెక్కే. తిరిగి రావడం లేదు. శాంతి చేయించి ఆ క్యాబిన్‌ని వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. మాకు ఇది వచ్చింది కూడా అలాగే. అందుకని పంచకం వస్తే, మంచం మీదున్న మనిషిని గడప దాటించి బాల్కనీలో పడుకోబెట్టి తలుపేస్తారు. గడప అవతల పోతే ఇంటికి అంటదు. అందరూ చేసేదే. మా మామగారికీ అలాగే చేశాం.

"అక్క ఇక్కడే ఉంటుంది. పోతే పోతుంది. మనం కిందకి పోదాం," అన్నారు మా ఆయన.

"మీరు అక్కడ పుట్టలేదు. మీకేం తెలుసు?"

"నాన్నని బాల్కనీలో పెట్టి తలుపేస్తుంటే చెయ్యి ఎత్తాడు హైమా. పిలిచాడో, వెళ్ళిరమ్మన్నాడో ఇప్పటికీ తెలీదు నాకు."

"చలేసి ఉంటుంది," అన్నాను. ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. నాకు భయంగా ఉంది, భయపడేవాళ్ళకి పోట్లాడటానికైనా ఒక మనిషి కావాలి కదా.

మాకు బాల్కనీ లేదు. బాల్కనీ ఉన్నది వరహాలమ్మకి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నవ్వుతుందని తెలిసే వెళ్ళాను. ఆవిడ నవ్వలేదు. వక్క నములుతూ అంతా విన్నది.

"మీ వదిన్ని తెచ్చెట్టుకోమ్మా, నాకేటి? మడిసి పోయే కాలంలో కాదంటానా? కానొక్కటి. రేపు మీటింగులో లేచి నిలబడి, పాత బాల్కనీయే మంచిదని నీ నోటితో నువ్వనాలి."

"అదెలా అంటాను?"

"అయితే మీ సముద్రంలోనే పడుకోబెట్టుకో. అడ్డు లేదన్నావు కదా!"

ఒప్పుకున్నాను.

పూర్వాభాద్ర

మొన్న మీటింగులో అన్నాను. పాత బాల్కనీయే మంచిదని, గోడ ఉంటేనే గది గదిలా ఉంటుందని, తొందరపడ్డానని. గోడా, అది నా అభిప్రాయం కాదని నువ్వు రాసుకో. ఏడో డెక్కు ఆయన చప్పట్లు కొట్టాడు. వరహాలమ్మ ముందు వరసలో కూర్చుని, "కాస్త గట్టిగా సెప్పమ్మా, ఎనకోళ్ళకి ఇనపళ్ళేదు," అంది. అంత అవమానం నేను అడుగు డెక్కులో కూడా పడలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది.

వదినగారు పక్క బాల్కనీలో పడక కుర్చీ మీద ఉంది. మా ఆయన ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రారు. తలుపు వేయనివ్వరు. ఉప్పుగాలికి ఆయనకి దగ్గు పట్టుకుంది. వదినగారికి ఆ గాలి పడినట్టుంది, నిన్నటికన్నా తేటగా ఊపిరి తీస్తోంది. ఇది సంతోషించాల్సిన విషయమేనని నాకు తెలుసు. సంతోషం రాలేదు.

అశ్విని

వదినగారు పోలేదు. లేచి కూర్చుంది. గంజి అడిగింది, అందులో ఉప్పు ఎక్కువైందని అంది.

రేవతి సాయంత్రం ఆరింటిదాకా అని ఓడ తారాధికారి అవధానిగారు పొద్దునే మైకులో ప్రకటించారు. కానీ ఓడ తూర్పుకి పోతోంది కదా, మధ్యలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. ఆరు ఒక గంట ముందే అయింది. ఆకాశంలో రేవతి ఇంకా ఉండి ఉంటుంది. అయినా ఓడ నియమం ఒక్కటే, ప్రకటించిన గంట ప్రకటించిందే. ఎవరో కదిపి చూశారు ఒకప్పుడు, కోర్టు దాకా వెళ్ళింది, నియమం మారలేదు. కాగల కార్యం గంధర్వులే తీర్చారని వదినగారిని ఇంటికి తెచ్చుకున్నాం.

ఆవిడ మంచం మీద కూర్చుని అద్దాన్ని చూసి, "ఇక్కడ నాకు నిద్ర పట్టట్లేదే. ఎక్కడ పడుకున్నా మధ్యలో పడుకున్నట్టుంది," అంది.

"రెండు రోజులు పోతే అలవాటవుతుంది."

"నేను పోలేదని నీకు కష్టంగా ఉందా హైమా?"

"ఛ ఛ," అన్నాను. ఆవిడ నవ్వింది. అబద్ధం ఆడేటప్పుడు నేను ఛ అని ఒక్కసారే అనననీ, రెండుసార్లంటాననీ మా ఆయనతో చెప్పింది.

పునర్వసు

సంఘం వారూ, ఇది మీరు గర్వంగా రాసుకోవాల్సిన రోజు. ఇవాళ నేను గెలిచాను.

కొత్త నమూనా తీసుకున్న ఇళ్ళన్నిటికీ ఒకటే బెంగ పట్టుకుంది. పంచకం వస్తే మంచంలో ఉన్నవాళ్ళని ఏం చేయాలి? పాత బాల్కనీలు ఉన్నవాళ్ళు రాజులైపోయారు. ఒకడు బావగారి చేత కాళ్ళు పట్టించుకున్నాడు. ఇంకొకావిడ తోటికోడలి చేత క్షమాపణ చెప్పించుకుంది. నేను అవధానిగారి దగ్గర అర్జీ పెట్టాను. గడప అంటే ఏమిటి? లోపలికీ బయటికీ మధ్య గీత. అద్దం దిగే గాడి కూడా అదే కదా. గాడి ఇవతల గది, అవతల అంచు. అంచు మీద పోతే ఇంటికి ఎలా అంటుతుంది?

సమావేశంలో పెద్ద వాదన జరిగింది. "మూరెడంచు మీద మడిసినెలగ పడుకోబెడతారు? జారితే సముద్రమే గదా!" అంది వరహాలమ్మ. కమ్మీ ఉంది కదా అన్నాను. "అంచు అద్దాలు తుడవడానికి వేసింది. దానిమీద మనుషుల్ని పెట్టే ఉద్దేశం మాకు లేదు," అంది ఝాన్సీ, మొహం పాలిపోయి. ఉద్దేశాలతో పనేముంది, అవసరం వస్తే అన్నీ పనికొస్తాయి. అవధానిగారు గాడిని వంగి చూశారు, వేలితో లోతు కొలిచారు, గడప కిందే లెక్క అని తేల్చారు.

"ఇక ఎవరి బాల్కనీ మాకక్కర్లేదు వరహాలమ్మగారూ," అన్నాను బయటికొస్తూ. పాత అభిప్రాయం వెనక్కి తీసుకున్నానని కూడా అందరూ వినేలా చెప్పాను.

ఇంటికొచ్చేసరికి వదినగారు బట్టలు సర్దుకుంటోంది.

"పంచకానికి నన్ను ఆ అంచు మీద పెడతావా?"

"అవసరమైతేనే కదా వదినగారూ. నియమం అందరికీ ఒకటే."

"నాకు నియమం ఉంది, నీకు గది ఉంది. వీడికే ఏదీ లేదు," అని మా ఆయన తల నిమిరింది. సంచి పట్టుకుని తన కాళ్ళతో తానే వరహాలమ్మ ఇంటికి నడిచింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి నడిచే నడక కాదది. మా ఆయన వెనకాలే వెళ్ళబోయి, దగ్గు తెరకి ఆగి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు.

ధనిష్ఠ

మళ్ళీ పంచకం మొదలైంది. ఈసారి ఇంట్లో మంచంలో ఎవరూ లేరు. హాయిగా ఉండాలి.

వదినగారు పక్క బాల్కనీలో వరహాలమ్మతో పచ్చీసు ఆడుతోంది. నవ్వులు వినిపిస్తున్నాయి. వరహాలమ్మ నవ్వితే ఓడ కూత వేసినట్టుంటుంది. మా ఆయన పొద్దున్నే అద్దం దించి, గాడి దాటి అంచు మీదికి పోయి, రెండు ఇళ్ళకీ మధ్య ఉన్న అడ్డు రేకు పక్క నుంచి తొంగిచూసి వాళ్ళక్కతో మాట్లాడుతున్నారు. వద్దంటే వినరు. "గడప లేదుగా హైమా, ఎక్కడికీ వెళ్ళినట్టు కాదు," అంటారు. అది వేళాకోళమో, మరేమిటో అర్థం కాదు. ఆయన ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆయన అనే మాటల్లో ఏది నన్ను అన్నదో తెలుసుకోవడం కష్టం.

దగ్గు తగ్గలేదు. గుండెల్లో పట్టేసినట్టుందని రెండుసార్లు అన్నారు. కషాయం పెట్టి ఇచ్చాను. పంచకం పోయాక డాక్టరుకి చూపిద్దామన్నాను. పంచకంలో డాక్టరు ఇంటికొస్తే, మందులకన్నా ముందు మాటలు పుడతాయి.

రేవతి

ఇవాళ జరిగింది జరిగినట్టు చెబుతాను. సంఘానికి పనికొచ్చేదే.

రేవతి నాలుగింటిదాకా అని పొద్దున ప్రకటించారు. గాలి అప్పటికే జోరుగా ఉంది. భోజనం చేసి కాసేపు పడుకున్న ఆయన, వాళ్ళక్కని చూడ్డానికి లేచి, మంచానికీ అద్దానికీ మధ్య కూలిపోయారు. ఒళ్ళంతా చెమట. పెదాలు నల్లబడ్డాయి. పిలిస్తే పలకలేదు. ఆ క్షణంలో నేను మొదట చూసింది ఆయన మొహం కాదు, గడియారం. మూడు కావస్తోంది.

డాక్టరు వచ్చేలోపు ప్రాణం పోతే? గదిలోనే పోతే? నా కళ్ళకి ఆర్పని దీపం కనిపించింది, మా అమ్మ చూస్తూ పోయిన గోడ కనిపించింది. ముందు గాడి దాటించి, తర్వాత డాక్టరుని పిలుద్దామనుకున్నాను. మీట నొక్కాను. అద్దం దిగింది. ఆయన కింద దుప్పటి వేసి లాగాను. బక్కమనిషి, అయినా బరువే. అంచు పొడవునా పడుకోబెట్టి, తల వరహాలమ్మ వాళ్ళ వైపు పెట్టి, కాళ్ళు లోపలికి రాకుండా సర్ది, ఫోను కోసం గదిలోకి వచ్చాను.

అప్పుడే గాలి కూత మోగింది. అద్దం దానంతటదే లేచి బిగుసుకుంది. నేను లోపల, ఆయన బయట.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. వాన మొహం మీద పడటంతో తెలివి వచ్చిందేమో. చుట్టూ చూసుకుని, ఎక్కడ ఉన్నదీ అర్థం చేసుకుని, వేలి కణుపులతో అద్దం మీద తట్టారు. మెల్లగానే తట్టారు. ఆయన ఏదైనా మెల్లగానే చేస్తారు.

గోడ లోంచి కెప్టెన్ గది వాళ్ళ గొంతు వచ్చింది. "అమ్మా, పక్క క్యాబిన్ నుంచి ఫోన్ వచ్చింది. మీ వాళ్ళెవరో అంచు మీద ఉన్నారట. మీరు సరేనంటే అద్దం దించుతాం. దించమంటారా?"

నేను ఆయన్ని చూశాను. పెదాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఛాతీ ఎగిరిపడుతోంది. లోపలికి తెచ్చాక పోతే ఏం చేయాలి? బతుకుతారని ఎవరైనా చెబితే దించమనేదాన్ని. ఎవరు చెబుతారు?

"రేవతి వెళ్ళాక దించండి," అన్నాను.

"అలాగేనమ్మా," అంది గొంతు. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఉన్నారు.

డాక్టరు వస్తే ముందు అద్దం దించమంటాడు, అందుకని ఫోను పక్కన పెట్టి అద్దం దగ్గర కూర్చున్నాను. ఆయనకి కనిపించేలా నాలుగు వేళ్ళు చూపించి, గడియారం వైపు చూపించాను. ఇంకొంచెంసేపు ఓపిక పట్టండి, నాలుగు కాగానే లోపలికి తెచ్చేస్తాను, డాక్టరుని పిలుస్తాను అన్నాను. వినపడలేదనుకుంటాను, అర్థమైంది. తల ఊపారు. సరేనన్నట్టు ఊపారు. నేను ఏం చెప్పినా ఆయన అలాగే ఊపేవారు. నాకు ఏడుపు ఆగలేదు. నాకు ఆయనంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే వాళ్ళ నోరు పడిపోతుంది.

అడ్డు రేకు పక్క నుంచి ఒక ముసలి చెయ్యి వచ్చింది. తడుముకుంటూ వచ్చి ఆయన జుట్టు పట్టుకుంది, చెంప పట్టుకుంది, చివరికి చెయ్యి పట్టుకుంది. వానలో, ఆ గాలిలో, మంచం పట్టి లేచిన మనిషి అక్కడ మోకాళ్ళ మీద ఉంది. వెనక నుంచి వరహాలమ్మ ఆవిడ నడుం పట్టుకుని ఉండాలి.

"తలుపు తియ్యవే హైమా! తలుపు తియ్యవే!" గాలిలో సన్నగా వినపడింది.

"తలుపు లేదు కదా వదినగారూ," అన్నాను. ఆవిడకి వినపడలేదు. నాకు వినపడింది.

మూడూ ముప్పావుకి మైకు మోగింది. తుఫాను తప్పించుకోవడానికి ఓడని పడమటికి తిప్పారట. గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతున్నామన్నారు. నక్షత్రాలు ప్రకటించిన గంటల ప్రకారమే నడుస్తాయన్నారు. నా కళ్ళముందే గోడ మీద అంకెలు మారాయి. మూడూ ముప్పావు కాస్తా రెండూ ముప్పావు అయింది.

ఆయన నావైపే చూస్తున్నారు. నాలుగయిందా అన్నట్టు కనుబొమలు ఎత్తారు. ఇది వేళ్ళతో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నేను అటు తిరిగి కూర్చున్నాను.

మళ్ళీ తట్టారు. కొంచెంసేపు ఆగి తట్టారు. ఆ తర్వాత వాన చప్పుడే.

నాలుగు కాగానే, కొత్త నాలుగు కాగానే, కెప్టెన్ గదికి చెప్పాను. అద్దం దిగింది. వదినగారి చెయ్యి ఇంకా ఆయన చేతిని పట్టుకునే ఉంది, వేళ్ళు విడదీయడానికి డాక్టరు కష్టపడ్డాడు. ఆయన పోయి కాసేపైందన్నాడు. వేళకి వైద్యం అంది ఉంటే బతికేవారేమోనని కూడా అన్నాడు. ఈ డాక్టర్లకి ఎప్పుడు ఏం మాట్లాడాలో తెలియదు.

అవధానిగారు వచ్చారు. గాడి మీద నూలుదారం పట్టించి, వంగి, ఆయన మడమలు దారానికి ఏ పక్కన ఉన్నాయో చూశారు. అవతలే ఉన్నాయి. గదికి దోషం లేదని రాసిచ్చారు. మీరు చాలా జాగ్రత్తగా ఉన్నారమ్మా అన్నారు. వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు.

అశ్విని

సంఘం వారు కొత్త నమూనా మీద నా తుది అభిప్రాయం అడిగారు.

గది చాలా బాగుంది. పొద్దున ఎండ మంచం మీదికి వస్తుంది. ఒక్కదాన్నే కాబట్టి ఇంకా విశాలంగా ఉంది. గాడిని గడపగా లెక్కించే పద్ధతి చక్కగా పనిచేస్తుందని నా ఇంట్లోనే రుజువైంది, మిగతా డెక్కుల వారు భయపడకుండా ఈ నమూనా తీసుకోవచ్చు. అంచు మూరెడు కాక ఇంకో జానెడు ఉంటే మేలు. గాలివానలో దుప్పటి నిలవలేదు.

మా వదినగారి సంగతి అడిగారు కనుక చెబుతున్నాను. బతికే ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు లేదట. వరహాలమ్మ ఇంట్లోనే ఉంటోంది, తిరిగి రాదు. నాతో మాట్లాడదు. ఇవాళ నడవాలో ఎదురుపడితే, "చలేసి ఉంటుందే హైమా," అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. అది కొత్త నమూనాకి సంబంధించిన విషయం కాదు. కొట్టేయవచ్చు.

ఒక్క లోపం మాత్రం ఉంది. ఆయన తట్టిన చోట అద్దం మీద మరక పడింది. తుడిచేవాళ్ళు వచ్చి బయటి నుంచి తుడిచారు, నేను లోపలి నుంచి తుడిచాను. పోయిందనే అంటున్నారు. నాకు కనిపిస్తోంది. గాలి వీచినప్పుడల్లా అద్దం చిన్నగా చప్పుడు చేస్తుంది, మంచం దూరంగా జరిపినా వినిపిస్తుంది.

అద్దానికి లోపలివైపు ఒక తెర ఇప్పించగలరు. పలచనిది వద్దు. చప్పుడు కూడా ఆపేది కావాలి.